అత్తమామలు, ఇద్దరు పిల్లలతో అడవిలో చెక్క గది: బెంగళూరు నుంచి ఎక్కడికి వెళ్ళొచ్చు?

బెళ్ళందూరు బుజ్జి · నవంబరు 3

నమస్కారం అందరికీ. నేను ఇక్కడ చదివి వెళ్ళిపోయే రకం, రాయడం ఇది రెండోసారి.

మా ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూశారు. చుట్టూ అడవి, మధ్యలో చెక్కతో కట్టిన ఒంటి గది, వరండాలో కుర్చీ, పొగలు కక్కే కాఫీ. అప్పటి నుంచి ఒకటే గోల, క్రిస్మస్ సెలవుల్లో మూడు రోజులు అలాంటి చోటికే వెళ్దామని. టీవీ ఉండకూడదట, వైఫై ఉండకూడదట. ఆ వీడియో వైఫై ఉంటేనే కదా చూశారు అని ఇంట్లో అనలేదు, ఇక్కడ అంటున్నా.

వెళ్ళేది ఆరుగురం. పిల్లలకి తొమ్మిదేళ్ళు, నాలుగేళ్ళు. మామయ్యగారికి బీపీ. అత్తయ్యగారికి అరవై ఎనిమిది, మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట రెండుసార్లు లేస్తారు. నా టెన్షన్ అంతా ఆ రెండుసార్ల గురించే. కుటుంబంతో అలాంటి చోట ఉండి వచ్చినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫోటోలు వద్దు, ఫోటోలు చూసే ఇక్కడిదాకా వచ్చాం.

కోలారు కుర్రోడు · నవంబరు 3

అక్కా, డిసెంబరు ఇరవై నుంచి జనవరి రెండు దాకా అంటే ఇప్పటికే లేటు. ముందు గది దొరికిందా లేదా చూసుకోండి, ఆ తర్వాత నచ్చిందా లేదా. స్కూళ్ళు తెరిచాక వచ్చే వారాల్లో అవే గదులు సగం రేటుకి ఇస్తారు, కానీ పిల్లలున్నారు కాబట్టి మీకు పనికిరాదు.

పాత బ్యాంకు మనిషి · నవంబరు 3

అమ్మాయ్, మేము ఇద్దరం ముసలివాళ్ళం కె. గుడికి వెళ్ళొచ్చాం. బిళిగిరి రంగన కొండల్లో ఉంటుంది. కె. గుడి అంటే క్యాతదేవరాయ గుడి. జంగిల్ లాడ్జెస్ అని కర్ణాటక ప్రభుత్వ సంస్థ ఉంది, 1980లో పెట్టారు, వాళ్ళ క్యాంపు అది. డేరాలూ ఉన్నాయి, దుంగలతో కట్టిన గదులూ ఉన్నాయి, మైసూరు మహారాజుల వేట బంగళా కూడా ఉంది. అడ్డూ కంచె పెద్దగా లేదు. సాయంత్రం అయ్యేసరికి దుప్పులు, అడవి పందులు మన గుమ్మం ముందే మేస్తుంటాయి. మా ఆవిడ మొదటిరోజు తలుపు తీయలేదు, రెండోరోజు వాటికి పేర్లు పెట్టింది.

రేటు తలకింత అని ఉంటుంది. భోజనాలు, సఫారీ జీపు అందులోనే. చూడ్డానికి ఎక్కువనిపిస్తుంది గానీ, ప్రైవేటు చోట గది అద్దె తక్కువ చెప్పి అన్నానికి వేరు, చలిమంటకి వేరు, ఆఖరికి దుప్పటికి వేరు అంటారు కదా, ఆ లెక్క వేసుకుంటే తేడా పెద్దగా లేదు.

దారి కనకపుర, మళవళ్ళి, కొళ్ళేగాల, యళందూరు మీదుగా. పొద్దుగూకకముందే చెక్‌పోస్టు దాటేయాలి. అదంతా 2011 నుంచి పులుల అభయారణ్యం, రాత్రి బళ్ళు తిరగనివ్వరు. తిరిగి వచ్చేటప్పుడు రంగనాథస్వామి గుడికి వెళ్ళండి. స్వామికి పెద్ద పెద్ద తోలు చెప్పులు సమర్పిస్తారక్కడ. భక్తులు ఆ చెప్పులతో నెత్తిమీద తట్టించుకుంటారు. నేనూ తట్టించుకున్నా. ముప్పై ఏళ్ళు బ్యాంకులో మేనేజర్లు తిట్టిన తిట్ల కంటే హాయిగా ఉంది.

ఉప్పుసారు · నవంబరు 4

ప్రైవేటు చోట్ల గురించి నా గోడు వినండి. పేరు చెప్పను, సకలేశపుర వైపు, మలెనాడు అనే కర్ణాటక కొండల ప్రాంతం. జూలైలో వెళ్ళాం, మొదటి తప్పు అదే. వానాకాలం మలెనాడు ఫోటోల్లో పచ్చగా ఉంటుంది. కాళ్ళమీద మాత్రం ఎర్రగా ఉంటుంది, జలగలు! మా చిన్నది చెప్పు విప్పితే నాలుగు. ఉప్పు, నిమ్మకాయ పట్టుకెళ్ళకపోతే వాటిని వదిలించడం నరకం.

రెండో తప్పు, "అడవి మధ్యలో" అన్న మాట నమ్మడం. కాఫీ తోట, అందులో పన్నెండు గదులు వరసగా. పక్క గదిలో ఎవరో కంపెనీ కుర్రాళ్ళు, రాత్రి ఒంటిగంట దాకా స్పీకరు. ఓనరుకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. సిగ్నల్ లేకపోవడం గొప్పని మనమే కదా బుక్ చేసుకున్నాం.

గది సంగతి సరేసరి. చెక్క గది అన్నారు, గోడమీద తడితే డబడబమంది.

కొయ్యపని · నవంబరు 4

ఉప్పుసారు గారూ, డబడబమంటే అది సిమెంటు బోర్డు, పైన చెక్క గీతల పెయింటు. ఈ మధ్య సగం చోట్ల అదే. నేను బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇంటీరియర్ పని చేస్తాను, అలాంటి గదులు రెండు చోట్ల కట్టించాను కూడా. తప్పని అనను. చెదలు పట్టదు, వానకి ఉబ్బదు. కానీ చెక్క అని చెప్పి అమ్మకూడదు.

బుజ్జిగారికి నాలుగు మాటలు. అసలు చెక్క గది అయితే నేలకి ఆనించి కట్టరు, రాతి దిమ్మల మీదో గుంజల మీదో రెండు మూడు అడుగులు ఎత్తులో కడతారు, చెదలూ తేమా ఎక్కకుండా. అంటే గుమ్మానికి మెట్లు ఉంటాయి. మీ అత్తయ్యగారి మోకాళ్ళకి అసలు ప్రశ్న అది. ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని అడగండి. చాలా చోట్ల "అందం" కోసం తాడు కట్టి వదిలేస్తారు. తాడు పట్టుకుంటే ఊగుతుంది, పెద్దవాళ్ళు దానితోపాటు ఊగుతారు.

రెండోది శబ్దం. పగటి ఎండకీ రాత్రి చలికీ చెక్క కొద్దికొద్దిగా కదులుతుంది. పదకొండు దాటాక టక్, కిర్ర్ అని వినిపిస్తూ ఉంటుంది. దయ్యం కాదు, మేకు. పిల్లలకి ముందే చెప్పండి. పైన మంగళూరు పెంకు అయితే బాగుంటుంది. రేకు అయితే చెట్టు మీంచి కాయ పడ్డా బాంబు పేలినట్టుంటుంది.

మూడోది మాత్రం సరదా కాదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉందేమో అడగండి. ఉంటే అది గది బయట ఉండాలి. లోపల ఉండి, కిటికీ మూసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. రంగు లేదు, వాసన లేదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. చలిగా ఉందని కుంపటి గదిలోకి తెచ్చుకుని తలుపులు మూసుకోవడం కూడా అంతే. చెక్క గదిలో సందులుంటాయి కదా గాలి ఆడుతుందని ధైర్యం చేయకండి.

పచ్చాకు · నవంబరు 4

చెట్లు కొట్టి కట్టిన గదిలో పడుకుని ప్రకృతి ప్రేమ! దానికి రాత్రికి పదిహేను వేలు. పాపం ఏనుగులు.

కొయ్యపని · నవంబరు 4

పచ్చాకు గారూ, ఈ గదులకి వాడేది ఎక్కువగా సిల్వర్ ఓక్, నీలగిరి. తోటల్లో నీడకీ కలపకీ పెంచి, నరికి మళ్ళీ నాటేవే. మీరు ఈ మాటలు ఏ బల్లమీద కూర్చుని రాస్తున్నారో ఒకసారి చూసుకోండి.

పచ్చాకు · నవంబరు 4

ప్లాస్టిక్ కుర్చీ.

కోలారు కుర్రోడు · నవంబరు 4

🙏 ఇక ఆపేయండి సార్లూ.

డెంకణీకోట రైతు · నవంబరు 5

పాపం ఏనుగులు అన్న మాట చూసి రాస్తున్నాను. మాది హోసూరు దాటాక డెంకణీకోట దగ్గర పల్లె, ఇంట్లో మాట్లాడేది తెలుగే. బన్నేరుఘట్ట వైపు నుంచి ప్రతి ఏడూ రాగి కోతల కాలానికి ఏనుగులు మందలు మందలుగా మా వైపు వస్తాయి. నవంబరు, డిసెంబరు, జనవరి. మీకు సెలవులు, మాకు రాత్రి కాపలా.

అడవి అంచున ఎక్కడ దిగినా ఇవి పాటించండి. అరటిపళ్ళు, పనసపండు, బెల్లం గదిలో ఉంచకండి, కారులో అసలే వద్దు. ఏనుగుకి వాసన మీరనుకునేదానికన్నా ఎక్కువ దూరం తెలుస్తుంది. చీకటి పడ్డాక గదికీ భోజనాల చోటుకీ మధ్య నడవాల్సి వస్తే తోట మనిషిని తోడు పిలవండి, సిగ్గుపడకండి. ఏనుగు కనిపిస్తే టార్చి మొహాన వేయడం, ఫోటో ఫ్లాష్ కొట్టడం చేయకండి. మావాళ్ళలో పోయినవాళ్ళంతా ధైర్యవంతులే.

సోలార్ కరెంటు కంచె ఉన్న చోటయితే పిల్లల్ని దాని దగ్గరకి పోనీకండి. చంపదు గానీ గట్టిగా కొడుతుంది.

నైట్ డ్యూటీ · నవంబరు 5

నేను స్టాఫ్ నర్సుని, చాలాకాలం మలెనాడు వైపు పనిచేశాను. రైతు గారు ఏనుగు సంగతి చెప్పారు, నేను చిన్నవాటి సంగతి చెప్తాను. ఆసుపత్రికి ఎక్కువమందిని తెచ్చేవి అవే.

ఆరుగురికి రెండు మంచాలే ఉంటే నేలమీద పరుపులు వేస్తామంటారు. ఒప్పుకోకండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు, పొద్దున్న కనురెప్పలు వాలిపోతుంటే గానీ అనుమానం రాదు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కింద దోపడం, అంతే. రాత్రి లేచినప్పుడు ముందు టార్చి, తర్వాత కాలు. బూట్లు దులిపి వేసుకోండి. ఏదైనా జరిగితే కోయడం, తాడు బిగించడం, నోటితో పీల్చడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేని చోటయితే, పాముకాటు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో, అక్కడికి ఎంతసేపు పడుతుందో బుక్ చేసేటప్పుడే అడిగి రాసుకోండి.

ఇంకోటి పిడుదులు. శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన జ్వరం ఒకటుంది, అక్కడివాళ్ళు మంగన కాయిలె అంటారు, కోతుల జబ్బు. పిడుదు కుడితే వస్తుంది. డిసెంబరు నుంచి ఎండాకాలం దాకా దాని కాలం. చిక్కమగళూరు వైపు కూడా కేసులు వచ్చాయి. భయపడి మానేయక్కర్లేదు. ఎండుటాకుల్లో కూర్చోకండి, ప్యాంటు సాక్సుల్లోకి దోపండి, సాయంత్రం పిల్లల చెవుల వెనక, చంకల్లో చూడండి. చచ్చిపడిన కోతి కనిపిస్తే దగ్గరకి వెళ్ళకుండా తోటవాళ్ళకి చెప్పండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళారో డాక్టరుకి మీరే చెప్పాలి, వాళ్ళు అడగరు.

బెళ్ళందూరు బుజ్జి · నవంబరు 5

అమ్మో. మా ఆయనకి చదివి వినిపించాను. "ఇవన్నీ చెప్పినవాళ్ళు వెళ్ళొచ్చారా లేదా?" అన్నారు. వెళ్ళొచ్చారు. అందరూ వెళ్ళొచ్చారు.

మదనపల్లె టమాటా · నవంబరు 6

ఇంత భయం దేనికండీ, మా హార్స్‌లీ కొండకి రండి. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర వేసవి బంగళా కట్టుకున్న చోటు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 1,265 మీటర్ల ఎత్తు, రోడ్డు పైదాకా ఉంది, అందరూ తెలుగువాళ్ళే, అత్తయ్యగారికి భాష ఇబ్బంది లేదు. లేదంటే తలకోన. 270 అడుగుల జలపాతం, తిరుపతి కూడా కలిసొస్తుంది.

ఉప్పుసారు · నవంబరు 6

తిరుపతి కలిసొచ్చిందంటే అది ఇక సెలవు కాదండీ, మొక్కు. క్యూలోనే ఒకరోజు పోతుంది. హార్స్‌లీ కొండ బాగుంటుంది, కాదనను. కానీ ఆయనగారు అడిగింది వరండా, అడవి, ఒంటి గది. మీరు చెప్పేది గెస్ట్‌హౌస్.

బెళ్ళందూరు బుజ్జి · నవంబరు 12

కె. గుడి మాకు కావలసిన రోజుల్లో నిండిపోయింది. చిక్కమగళూరు జిల్లా మూడిగెరె వైపు ఒక కాఫీ తోటలో రెండు గదులు దొరికాయి. తోటంతటికీ ఆ రెండే. ఇక్కడ రాసినవన్నీ కాగితం మీద పెట్టుకుని ఓనరుకి ఫోన్ చేశాను. మెట్లు ఎన్ని? అయిదు, ఇనప కడ్డీ ఉంది. గీజరు? లేదు, బయట పొయ్యిమీద రాగి కాగు, బకెట్లతో తెచ్చిస్తారు. బాత్రూమ్? గదికి ఆనుకునే ఉంది, కమోడే. మంచాలు? గదికి మూడు. ఆసుపత్రి? మూడిగెరె, ఇరవై అయిదు నిమిషాలు. ఆఖరికి ఆయన, "మేడమ్, మీరు ఇన్స్పెక్షన్‌కి వస్తున్నారా, సెలవుకి వస్తున్నారా?" అన్నాడు. అడ్వాన్సు కట్టేశాం.

బెళ్ళందూరు బుజ్జి · జనవరి 5

వెళ్ళొచ్చాం. పెద్దగా రాస్తున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

పొద్దున్న అయిదింటికి బయల్దేరినా నెలమంగల టోల్ దగ్గరే బెంగళూరు మొత్తం మాతో వచ్చినట్టనిపించింది. హాసన్‌లో టిఫిన్, బేలూరులో చెన్నకేశవుడి దర్శనం. మామయ్యగారు శిల్పాల దగ్గర గంటన్నర నిలబడ్డారు, బీపీ గుర్తులేదు. 1117లో విష్ణువర్ధనుడు మొదలుపెట్టిన గుడి అని గైడు చెప్తుంటే మా పెద్దాడు, "అప్పుడు క్రేన్లు ఉన్నాయా?" అని అడిగాడు. గైడు వాడిని పట్టించుకోలేదు. తోటకి చేరేసరికి మూడయింది.

గది నిజంగా చెక్కే, కొయ్యపని గారూ. తట్టి చూశాను. సిల్వర్ ఓక్ చెట్లమీద మిరియాల తీగ, కింద కాఫీ. అరబికా కాయలు ఎర్రగా పండి కోతలు జరుగుతున్నాయి. కోసినవి గదికి కాస్త దూరంలో కళ్ళంలో ఆరబోశారు, పులిసిన వాసన. వీడియోలో ఆ వాసన లేదు అన్నారు మా ఆయన. వీడియోలో చలి కూడా లేదు. నాలుగింటికే స్వెట్టర్లు బయటికొచ్చాయి.

భోజనం అక్కి రొట్టె, కోడి కూర, చారు. తోటలో వంటచేసే ఆవిడకి తెలుగు రాదు, అత్తయ్యగారికి కన్నడం రాదు. రెండోరోజుకి ఇద్దరూ కలిసి వంటింట్లో చేపల పులుసు పెడుతున్నారు. చింతపండు ఎంత వేయాలి అన్నదానిమీద చేతులతోనే పోట్లాట. ఏ భాషలోనో నాకు తెలియదు.

కోతులు ఒక బిస్కెట్ ప్యాకెట్, మా చిన్నదాని ఒక చెప్పు ఎత్తుకుపోయాయి. ఏనుగు రాలేదు. అరటిపళ్ళు దారిలోనే తినేశాం రైతు గారూ, మీ పుణ్యాన. పిడుదు ఒకటి దొరికింది, మా ఆయన మెడమీద, ఇంకా కుట్టలేదు. ప్రకృతి ఆయన్నే ఎంచుకుంది. పది రోజులు దాటింది, జ్వరం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. నేను భయపడింది అత్తయ్యగారి మోకాళ్ళకి, బాత్రూమ్‌కి. అది ఏమీ కాలేదు. మొదటిరోజు రాత్రి గాలి లేచింది. పైన పెంకే, కానీ వరండా మీద రేకు. అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. గోడలు కిర్రుమంటున్నాయి. పిల్లలకి ముందే చెప్పాం కదా, వాళ్ళు "మేకు, మేకు" అని నవ్వుకుని పడుకున్నారు. ఒంటిగంటకి నాకు మెలకువ వచ్చి చూస్తే అత్తయ్యగారు మంచంమీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు పైకి ముడుచుకుని, నేలవైపు టార్చి వేసి చూస్తున్నారు. పాము కోసమేమో అనుకున్నాను. నేను నర్సుగారి మాటలన్నీ చదివి వినిపించాను కదా.

పాము కాదు. నీళ్ళు వస్తున్నాయేమో అని చూస్తున్నారట.

ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనకి ఆవిడకి ఇరవై ఒకటి, పెళ్ళయి ఏడాది. ఆ రాత్రి పుట్టింట్లో ఉన్నారట. తాటాకు ఇల్లు, ఇలాగే వాసాలు కిర్రుమన్నాయట, తర్వాత మంచం కింద తడి తగిలిందట. పెళ్ళయి పన్నెండేళ్ళు నాకు, ఉప్పెన చూశారని తెలుసు, ఇలా అని తెలియదు. మా ఆయనకి కూడా తెలియదు. నేను లైటు వేస్తానంటే వద్దన్నారు, పిల్లలు లేస్తారని. ఇద్దరం వరండాలోకి వెళ్ళి దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. చుట్టూ చీకటి. ఆ తోట ఉన్నది కొండమీద కదా అత్తయ్యా, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి అన్నాను. "తెలుసమ్మా. కాళ్ళకి తెలియదు" అన్నారు.

ఎవరెవరు పోయారో ఒక్కొక్క పేరు చెప్పారు. అవి ఇక్కడ రాయను. మూడింటికి గాలి తగ్గింది. పొద్దున్న తోటమనిషి వచ్చి రేకుకి తాడు కట్టాడు. ఆవిడ పక్కనే నిలబడి ముడి సరిగ్గా లేదని విప్పించి మళ్ళీ కట్టించారు. తుపాను ముడి అట, లాగేకొద్దీ బిగుస్తుందట.

రెండో రాత్రి గాలి వచ్చింది గానీ రేకు కదల్లేదు. ఆవిడ గురక పెట్టి నిద్రపోయారు, రెండుసార్లు కూడా లేవలేదు.

నైట్ డ్యూటీ · జనవరి 5

పిడుదుని చేత్తో తీశారా, పట్టకారుతోనా? కుట్టలేదన్నారు కాబట్టి భయం లేదు, అయినా ఇంకో వారం చూసుకోండి. అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి.

డెంకణీకోట రైతు · జనవరి 6

అమ్మా, ఆ ముడి ఎలా వేస్తారో అత్తయ్యగారిని అడిగి రాయగలరా? మా కాపలా మంచె రేకు ఏటా ఎగిరిపోతోంది.

బెళ్ళందూరు బుజ్జి · జనవరి 6

అడిగాను. మాటల్లో చెప్తే రాదట, తాడు తెమ్మన్నారు. మా ఆయన వీడియో తీస్తున్నారు, రాత్రికి పెడతాను.